విచారణ గుడి చరిత్ర రాయడం ఎలా: రిజిస్టరు బీరువా నుంచి గంట గోపురం దాకా

కతోలిక గుడికి జూబిలీ దగ్గర పడగానే విచారణలో (ఒక గురువు చూసుకునే కతోలిక సంఘం, అంటే పారిష్) కమిటీ వేస్తారు, సావనీరు (జ్ఞాపక సంచిక) వేద్దామంటారు. పాత సావనీరు తీసి అందులో ఉన్నదే మళ్లీ అచ్చు వేస్తారు. అందులో ఒక తప్పు ఉంటే ఈ రెండో అచ్చుతో అది నిజమైపోతుంది. ఆ పని మానేసి, మొదటి నుంచి గుడి చరిత్రను, కట్టడాన్ని సొంతంగా తేల్చుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ పద్ధతి. నలుగురు మనుషులు, మూడు నాలుగు నెలల ఆదివారాలు, ఒక టేపు, ఒక ఫోను ఉంటే సరిపోతుంది.

మొట్టమొదట ఒకటి పట్టుకోవాలి. గుడికి పుట్టిన సంవత్సరం ఒకటే ఉండదు. ఊళ్లో మొదటి జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఒక ఏడాది, గురువు (ఫాదరు) వచ్చి ఊళ్లో కాపురం ఉన్నది ఇంకో ఏడాది, పునాది రాయి మరో ఏడాది, గుడి ఆశీర్వాదం ఇంకొకటి, మేత్రాణులు (బిషప్పు) విచారణగా ప్రకటించింది వేరొకటి. గేటు మీద "స్థాపితం" అని రాసిన అంకె వీటిలో దేనిదో ఎవరూ చెప్పరు. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్ప (సెయింట్ జోసఫ్) గుడినే చూడండి. 1870లో పునాది పడింది. 1875 క్రిస్మస్‌కు పూజలు మొదలయ్యాయి. ముందు భాగం, రెండు గోపురాలు 1891కి గాని పూర్తి కాలేదు. ఇటలీ నుంచి తెప్పించిన అయిదు గంటలు 1892వి. "ఈ గుడి ఎప్పటిది?" అని అడిగితే నాలుగు జవాబులూ సరైనవే. మీ గుడికీ అంతే. నోటు పుస్తకం మొదటి పేజీలో ఈ అయిదు గడులు గీయండి: సంఘం, గురువు నివాసం, పునాది, ఆశీర్వాదం, విచారణ హోదా. ఏ తేదీ దొరికినా ముందు అది ఏ గడిలోదో తేల్చాకే రాయండి.

మీ ఊరు ఏ ఏడాదిలో ఎవరి కింద ఉంది

కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది ఇదే. చాలామంది ఇప్పటి మేత్రాసన (బిషప్పు పాలించే ప్రాంతం, అంటే డయోసిస్) కార్యాలయానికి వెళ్లి, ఏమీ లేదని తెలిసి ఊరుకుంటారు. లేకపోవడం సహజం, ఎందుకంటే గుడి కట్టేనాటికి ఆ మేత్రాసనమే లేదు.

గుంటూరు వైపు ఊళ్లు 1928 దాకా మద్రాసు కింద, 1928 నుంచి నెల్లూరు కింద ఉండి, 1940లో గుంటూరు మేత్రాసనంలోకి వచ్చాయి. కృష్ణా ప్రాంతం హైదరాబాదు నుంచి విడిపోయి 1933లో బెజవాడ ప్రత్యేక మిషన్‌గా (మేత్రాసనం కాకముందరి దశ), 1937లో మేత్రాసనంగా మారింది. ఏలూరు 1976లో విజయవాడ నుంచి చీలింది. వరంగల్లు 1952లో హైదరాబాదు నుంచి వచ్చింది. కర్నూలు 1967, కడప, నల్లగొండ 1976, ఖమ్మం 1988, శ్రీకాకుళం 1993. హైదరాబాదు, విశాఖపట్నం రెండూ 1886లో మేత్రాసనాలయ్యాయి. కాబట్టి పల్నాడులో 1890ల నాటి గుడి గురించి వెతికేవాళ్లు గుంటూరులో మొదలుపెట్టినా మద్రాసు దాకా పోవాల్సిందే.

రెండో ప్రశ్న, ఏ సభ (గురువులు చేరే సంఘం) గురువులు. ఉత్తరాంధ్రకు ఇప్పటి ఫ్రాన్సులోని ఆన్సీ నుంచి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ సభ గురువులు (1846 నుంచి), హైదరాబాదు వైపు మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువులు (1855 నుంచి), నెల్లూరు, గుంటూరు వైపు లండన్ మిల్‌హిల్ గురువులు (1875 నుంచి). వీళ్లు తమ పెద్దలకు ఏటా ఉత్తరాలు రాసేవారు: ఎంతమందికి జ్ఞానస్నానం, గుడికి ఎంత ఖర్చు, కప్పు ఎప్పుడు ఎగిరిపోయింది. ఆ సభల పాత దస్తావేజులు అడిగేటప్పుడు "మా గుడి చరిత్ర పంపండి" అని రాస్తే జవాబు రాదు. ఊరి పేరు అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో, గురువు పేరు, అయిదేళ్ల వ్యవధి, ఈ మూడూ ఇచ్చి అడగాలి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకు ముందు ఆ ఊళ్లు ఎక్కువగా కృష్ణా జిల్లా కింద కనిపిస్తాయి. ఈ సంగతి మరిచిపోతే ఉన్న కాగితం కూడా కనబడదు.

ఊళ్లో పెద్దవాళ్లు "మా తాతముత్తాతలు సీమ నుంచి వచ్చారు" అంటే కొట్టిపారేయకండి. 18వ శతాబ్దం తొలి ఏళ్ల నుంచి ఫ్రెంచి జెస్విట్ గురువులు రాయలసీమలో కృష్ణాపురం లాంటి చోట్ల సంఘాలు నిలిపారు. కరువులు, యుద్ధాల వల్ల ఆ కుటుంబాల్లో చాలామంది కృష్ణ ఒడ్డుకు వలస వచ్చారు. 1773లో జెస్విట్ సభ రద్దయ్యాక 1776 నుంచి పారిస్ విదేశీ మిషన్ గురువులు ఆ బాధ్యత చూశారు. అంటే మీ సంఘం వయసు మీ గుడి వయసుకన్నా నూరేళ్లు ఎక్కువ ఉండొచ్చు. ఆ రెంటినీ కలిపి ఒకే అంకె చేయకూడదు.

జ్ఞానస్నానాల రిజిస్టరు చదవడం

అసలైన బంగారం విచారణ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది. విచారణ గురువుల అనుమతి లేకుండా తాకవద్దు. తిరుసభ (కతోలిక చర్చి) చట్టం 535వ నిబంధన ప్రకారం పాత రిజిస్టర్లను జాగ్రత్త చేయడం వారి బాధ్యత. వాటిలో దత్తత, వివాహం కాని తల్లిదండ్రుల వివరాల్లాంటి సొంత విషయాలు కూడా ఉంటాయి. కావలసింది గుడి చరిత్ర గాని ఇంటింటి గుట్టు కాదు. తేదీలు, ఊళ్లు, గురువుల సంతకాలు, సంఖ్యలు రాసుకోండి. మిగతావి వదిలేయండి.

1960ల ముందరి నమోదులు ఎక్కువగా లాటిన్‌లో ఉంటాయి. భయపడక్కర్లేదు, పది పదాలు వస్తే చాలు. "దియే" అంటే ఆ రోజున. "నాతుస్" మగపిల్లాడు పుట్టాడు, "నాతా" ఆడపిల్ల. "బాప్తిజావి" అంటే జ్ఞానస్నానం ఇచ్చాను. "ఫిలియుస్" కొడుకు, "ఫిలియా" కూతురు. "పాత్రీని" జ్ఞాన తల్లిదండ్రులు. "ఎక్స్ పాగో" తర్వాత వచ్చేది ఊరి పేరు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఒకటి నెలలు. 7 అంకె పక్కన "బ్రిస్" అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. 8 పక్కన ఉంటే అక్టోబరు, 9 పక్కన నవంబరు, రోమన్ పది పక్కన ఉంటే డిసెంబరు. సెప్టెం, ఆక్టో, నోవెం, దెచెం అన్నవి లాటిన్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పాత గురువులు ఆ అంకెలనే పొట్టిగా వాడారు. ఈ ఒక్కటి తెలియక గుడి ఆశీర్వాదం డిసెంబరులో జరిగితే అక్టోబరులో జరిగిందని అచ్చేసిన సావనీర్లున్నాయి.

రెండోది పేర్లు. లాటిన్‌లో పేరు చివర మారిపోతుంది. "బాప్తిజావి మరియామ్, ఫిలియామ్ ఇగ్నాసీ ఏత్ అన్నే" అంటే "ఇగ్నాసియుస్, అన్నల కూతురు మరియకు జ్ఞానస్నానం ఇచ్చాను" అని. ఆ ఇగ్నాసియుస్‌ను ఇంట్లో ఎవరూ అలా పిలవరు, ఇన్నయ్య అంటారు. పేత్రుస్ అంటే రాయప్ప, పౌలుస్ అంటే చిన్నప్ప, యోసేఫుస్ అంటే జోజప్ప లేదా జోజి, క్సావేరియుస్ అంటే శౌరి. గుడికి స్థలం ఇచ్చిన రాయప్ప గారు పేత్రుస్ అనే పేరుతో రిజిస్టరులోనే ఉంటారు. చూసేవాళ్లకు తెలియక "ఆధారం దొరకలేదు" అని రాస్తారు.

మీ ఊరి రిజిస్టరు మొదటి పేజీ తేదీ సంఘం పుట్టిన తేదీ కాదు. గురువు ఊళ్లో కాపురం పెట్టాకే విడి పుస్తకం మొదలవుతుంది. అంతకు ముందరి జ్ఞానస్నానాలు తల్లి విచారణ (అప్పట్లో మీ ఊరు ఏ విచారణ కింద ఉందో అది) పుస్తకంలో ఉంటాయి. అక్కడ మీ ఊరి పేరు మొదటిసారి ఎప్పుడు కనబడిందో చూడండి. మొదటి గడికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్క నీడలో, పుస్తకాన్ని రెండు తువ్వాళ్ల చుట్టల మీద సగం తెరిచి పెట్టి తీయండి. పూర్తిగా విప్పి నొక్కితే కుట్టు తెగుతుంది. చేతులు కడిగి ఆరబెట్టుకుంటే చాలు. చిరిగిన చోట సెల్లోటేపు వేయడం, లామినేషన్ చేయించడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. టేపు జిగురు పదేళ్లలో పసుపు మరకై అక్షరాన్ని మింగేస్తుంది, లామినేషన్ తీయడం ఎవరి తరమూ కాదు.

ఏళ్లు కలపడం

పెద్దలు క్రీస్తు శకంలో చెప్పరు. "ధాత కరువులో వేసిన పునాది" అంటారు. ధాత 1876–77లో వచ్చింది, మళ్లీ 1936–37లో, 1996–97లో. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఇంకో ఆనవాలు లేకుండా ఏదో ఒకటి ఎంచుకోకూడదు. కరువు అన్నారంటే 1876దే, ఎందుకంటే ఆ పెద్ద కరువుకు ఆ పేరే నిలిచింది. ఇంకో మెలిక: తెలుగు ఏడు ఉగాదితో మొదలవుతుంది. "ధాతలో లూర్దుమాత పండుగనాడు" అంటే ఫిబ్రవరి 11 కాబట్టి, 1936–37 ధాత అయితే అది 1937 అవుతుంది, 1936 కాదు.

తెలంగాణలో పాత కాగితాలు ఫసలీలో (భూమి శిస్తు లెక్కల ఏడు) ఉంటాయి. ఫసలీకి 590 కలపండి. 1300 ఫసలీ అంటే 1890లో మొదలై 1891లో ముగిసిన ఏడు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో, మద్రాసు వైపు జూలైలో మొదలయ్యేది. నెల తెలియకపోతే రెండు ఏళ్లూ కలిపి "1890–91" అనే రాయండి. ఒకటే రాస్తే సగం సార్లు తప్పు.

స్థలం కాగితాల కోసం పాత భూమి రిజిస్టర్లు చూడాలి: ఆంధ్ర వైపు డైగ్లాట్, అడంగల్. తెలంగాణ వైపు సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ అడగండి. గుడి పేరు బదులు గురువు పేరు మీదో, మిషన్ పేరు మీదో, మేత్రాణుల పేరు మీదో ఉంటుంది. సర్వే నంబరు పట్టుకుని వెళ్తేనే పని అవుతుంది.

గుడిని కొలవడం

ఇద్దరు మనుషులు, 30 మీటర్ల టేపు, అయిదు మీటర్ల ఉక్కు టేపు, తూకం గుండు, దిక్సూచి, గ్రాఫు పేపరు, పెన్సిలు. లేజరు మీటరు ఉంటే ఎత్తులకు సుఖం. ముందు చేత్తో గీత గీసుకోండి, కొలతలు దాని మీద ఎక్కించుకోండి. శుభ్రమైన బొమ్మ ఇంట్లో వేసుకోవచ్చు.

పొడవును గుంజ నుంచి గుంజకు విడివిడిగా కొలిచి కూడకండి. పదకొండు గుంజల మధ్య ఒక్కో చోట సెంటీమీటరు తేడా వచ్చినా మొత్తం మీద పది సెంటీమీటర్లు పోతుంది. టేపు సున్నాను ప్రధాన ద్వారం లోపలి అంచున మేకుతో నిలిపి, పీఠం (గురువు పూజ చేసే బల్ల) దాకా ఒకే లాగు లాగి, దారిలో వచ్చిన ప్రతి గుంజ, కిటికీ, తలుపు దగ్గర అంకె చదవండి. ఆ తర్వాత మూలల నుంచి మూలలకు కొలవాలి. మధ్యశాల (జనం కూర్చునే భాగం) 7 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల పొడవు ఉంటే ఏ మూల నుంచి ఎదుటి మూలకు కొలిచినా సరిగ్గా 25 మీటర్లు రావాలి. ఒకటి 25, ఇంకొకటి 25.30 వచ్చాయంటే గుడి మూలమట్టంగా లేదు. అలాంటప్పుడు బొమ్మలో బలవంతంగా సరి చేయకండి. చాలాసార్లు ఆ వంకరే "ఈ భాగం తర్వాత అతికించారు" అని చెబుతుంది.

గుండ్రటి స్తంభానికి చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి: 188 సెంటీమీటర్ల చుట్టు అంటే సుమారు 60 సెంటీమీటర్ల మందం. పీఠం వెనక గోడ వంపు తిరిగి ఉంటే, వంపు రెండు కొసల మధ్య దూరం, ఆ గీత నుంచి వంపు ఎంత లోతో కొలవండి. కొసల మధ్య 6 మీటర్లు, లోతు 3 మీటర్లు ఉంటే సరైన అర్ధవృత్తం. లోతు 2 మాత్రమే వస్తే అది పెద్ద వృత్తంలో ముక్క, వ్యాసార్ధం 3.25 మీటర్లు. గోడ మందం కిటికీ పక్కన దొరుకుతుంది. రెండు వైపులా పూత మందం మినహాయించుకోవడం మరవద్దు.

గోపురం ఎత్తుకు నీడ చాలు. మీటరు కర్రను నిలువుగా నిలబెట్టి నీడ కొలవండి, అదే నిమిషంలో గోపురం నీడ కొస దగ్గర ఇంకొకరు గుర్తు పెట్టాలి. కర్ర నీడ 60 సెంటీమీటర్లు, గోపురం నీడ 12 మీటర్లు అయితే ఎత్తు 20 మీటర్లు. అందరూ పొరబడేది నీడను గోపురం గోడ నుంచి కొలవడంలో. శిఖరం గోడ మీద లేదు, గోపురం నడిమధ్యన ఉంది. గోపురం 4 మీటర్ల వెడల్పయి, నీడ గోడకు నేరుగా పడితే గోడ నుంచి వచ్చిన 10 మీటర్లకు ఇంకో 2 కలిపితేనే ఆ 12.

1:100 కొలతలో వేస్తే 25 మీటర్ల గుడి 25 సెంటీమీటర్లై ఏ3 కాగితంలో హాయిగా పడుతుంది. ఉత్తరం గుర్తు వేయండి. పీఠం తూర్పున ఉండాలన్నది పాత ఆచారమేగాని మన ఊళ్లలో రోడ్డు ఎటుంటే అటు తిరిగిన గుళ్లు చాలా ఉన్నాయి. దిక్సూచి చూపించిందే రాయండి.

గోడ, కప్పు, నేల ఏ కాలానివి

1920ల ముందు మన ఊరి గుడులకు సిమెంటు దొరకడం అరుదు. డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం), ఇటుక లేదా రాయి, టేకు దూలాలు, వీటితోనే కట్టేవారు. "1890లో కట్టారు" అన్న గుడిలో కాంక్రీటు శ్లాబు కనిపిస్తే కప్పు తర్వాత మారినట్టే. పాత కప్పు ఆనవాలు కోసం గోపురం వెనక గోడను, వరండా పైన అటకను చూడండి. దూలాలు దూర్చిన గుంతలు ఇటుకలతో పూడ్చి ఉంటాయి, వాలు కప్పు ఆనిన చోట ఏటవాలు గీత మిగిలి ఉంటుంది.

మద్రాసు టెర్రస్ కప్పును గుర్తుపట్టడం తేలిక. కింద నుంచి చూస్తే టేకు వాసాల మీద సన్నని ఇటుకలు నిలువుగా, వాసాలకు ఏటవాలుగా వరసలు తీరి ఉంటాయి. ఆ ఇటుక మామూలు ఇటుక కాదు. సుమారు ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆపైన పలక పెంకులు. చూరు దగ్గర చెద పట్టి వాసం మెత్తబడిందా అని చేత్తో కాక సన్న మేకుతో గుచ్చి చూడండి.

మంగుళూరు పెంకు ఒకటి తీసి వెనక్కి తిప్పితే అచ్చు ముద్ర ఉంటుంది. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 అని కనిపిస్తే గుడి 1865 నాటిదని ఎగిరి గంతేయకండి. అది ఆ కార్ఖానా పెట్టిన ఏడు, పెంకు కాల్చిన ఏడు కాదు. కామన్‌వెల్త్ ముద్ర ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతిది, ఎందుకంటే యుద్ధం తర్వాత ఆ కార్ఖానాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి పోయాయి. ఇనుప దూలాల మీద కూడా పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. టాటా ముద్ర ఉన్న ఉక్కు దూలం 1912కు ముందుది కాలేదు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు తీయడం మొదలైందే అప్పుడు.

విగ్రహాలు, గుడి పేరు కూడా కాలం చెబుతాయి. చిన్న తెరేజమ్మను (లిసియు తెరేజా) పునీతురాలిగా ప్రకటించింది 1925లో. క్రీస్తురాజు పండుగ పెట్టిందీ 1925లోనే. కాబట్టి క్రీస్తురాజు పేరున్న గుడికి 1910 నాటి పునాది ఉందంటే, గుడి పేరు తర్వాత మారి ఉండాలి, లేదా ఆ తేదీ వేరే కట్టడానిది. లూర్దు గుహ ఏదైనా 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత దర్శనాల తర్వాతిదే. 1954 మరియమాత సంవత్సరాన్ని గుర్తుగా పెట్టుకుని కట్టిన గుహలు చాలా ఉన్నాయి, పక్కన ఫలకం వెతకండి.

మొన తేలిన ఆర్చి కనబడగానే గోతిక్ అని రాసేస్తారు. సికింద్రాబాదు సెయింట్ మేరీస్ (1850లో డానియల్ మర్ఫీ గురువుల హయాంలో కట్టినది, 2008లో బసిలికా, అంటే పోపు ఇచ్చే ప్రత్యేక హోదా గల గుడి, అయింది) లాంటి చోట ఆ మాటకు అర్థం ఉంది. కానీ యూరపులో గోతిక్ అంటే రాతి కమానుల బరువును పక్కటెముకలు మోసి, బయటి ఊతగోడలకు దించే పద్ధతి. మన విచారణ గుళ్లలో ఎక్కువ భాగం ఇటుక గోడలు, టేకు కప్పు, పైన గోతిక్ అలంకారం. లోకప్పులో కనిపించే పక్కటెముకలు నిజమైనవా అని తేల్చాలంటే అటక మీదికి వెళ్లి పైనుంచి చూడండి. చెక్క బద్దలకు కొట్టిన పూత కనిపిస్తే అది అలంకారమే. అలా అని రాయడం గుడిని తక్కువ చేయడం కాదు. ఊరి తాపీ మేస్త్రీలు చేతిలో ఉన్న సున్నంతో ఆ రూపాన్ని తెచ్చారన్నది అంతకంటే పెద్ద సంగతి.

పీఠం దగ్గర ఆగి చూడండి. గోడకు ఆనుకుని ఎత్తైన పాత పీఠం, దాని ముందు విడిగా ఇంకో పీఠం ఉంటే, ముందుది రెండో వాటికన్ మహాసభ (1960లలో జరిగిన కతోలిక మేత్రాణుల సభ) తర్వాతిది. గురువు ప్రజల వైపు తిరిగి పూజ చేయడానికి వీలుగా పీఠాన్ని గోడ నుంచి విడిగా కట్టవచ్చన్న నిర్దేశం 1964లో వచ్చింది. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకునేటప్పుడు మోకరించే కటకటాలు, పక్కనుండే ఎత్తు ప్రసంగ వేదిక చాలాచోట్ల ఆ తర్వాతి ఏళ్లలో పీకేశారు. నేల మీద కటకటాల కాళ్లు నాటిన గుంతలు సిమెంటు చుక్కల్లా వరసగా మిగిలి ఉంటాయి. చాప ఎత్తి చూడండి. పాత కడప బండల మధ్య ఆ చుక్కలు కనిపిస్తే వాటి స్థానాలు కొలిచి బొమ్మలో వేయండి, ఇంకో రెండేళ్లలో గ్రానైటు వేస్తే అవీ పోతాయి.

లోపలి గోడల మీద వరసగా పన్నెండు సిలువలు, ఒక్కోదాని ముందు కొవ్వొత్తి నిలిపే కొక్కెం ఉంటే గుడికి అభిషేకం జరిగిందని గుర్తు (1977 నాటి క్రమం తర్వాత నాలుగు కూడా ఉండొచ్చు). సిలువ మార్గంలో 14 స్థలాలతో వీటిని కలిపేసుకోకండి. సిలువలు లేకపోతే గుడికి మామూలు ఆశీర్వాదమే జరిగి ఉండొచ్చు. రెండూ వేరు, తేదీలు కూడా వేరు.

రాయి, గంట

పునాది రాతి మీద ఏళ్ల తరబడి సున్నం కొట్టి అక్షరాలు పూడిపోయి ఉంటాయి. మేకుతో గీకడం, పెయింటుతో అక్షరాలు దిద్దడం వద్దు. తప్పుగా దిద్దితే ఆ తప్పే శాసనం అవుతుంది. చీకటి పడ్డాక టార్చిని రాతికి పక్కగా, దాదాపు గోడకు ఆనించి పట్టండి. పగలు ఏమీ కనబడని చోట నీడలు లేచి అక్షరాలు పైకొస్తాయి. టార్చిని నాలుగు వైపుల నుంచి తిప్పి నాలుగు ఫోటోలు తీయండి. ఎడమ నుంచి వెలుగు పడితే నిలువు గీతలు, పైనుంచి పడితే అడ్డ గీతలు బాగా కనిపిస్తాయి.

రోమన్ అంకెల్లో ఏడు చదివేటప్పుడు చిన్న అక్షరం పెద్దదాని ముందు ఉంటే తీసివేయాలి. ఎం, డి, మూడు సీలు, ఎక్స్, సి, ఐ అని ఉంటే 1000, 500, 300, 90, 1, అంటే 1891. ఎక్స్, సి కలిస్తే తొంభై. దాన్ని పది, వంద అని విడదీసి కూడితే 1911 వస్తుంది. ఒక్క అక్షరంతో ఇరవై ఏళ్లు తేడా.

గోపురం ఎక్కేముందు రెండు చూసుకోండి. మొదటిది తేనెపట్టు. గంట మోగితే కందిరీగల్లా లేస్తాయి, కాబట్టి ముందు కింద నుంచి చూసి, ఉంటే తీయించాకే ఎక్కండి. రెండోది నిచ్చెన. చెక్క మెట్లు గోడలోకి దూరిన చోట లోపల పుచ్చి ఉంటాయి. ఒక్కరే వెళ్లకండి, పావురాల రెట్ట ఉంటుంది గనుక ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గంట చుట్టూ ఉబ్బెత్తు అక్షరాల్లో పోత పోసినవారి పేరు, ఊరు, ఏడు, ఒక్కోసారి ఇచ్చినవారి పేరు ఉంటాయి. అది గంట పోసిన ఏడు. "గంట లండన్ నుంచి ఓడలో వచ్చింది" అన్న మాట ప్రతి ఊళ్లో వింటాం. ఊరి పేరు గంట మీదే ఉంటుంది, అదే చదివి రాయండి.

సున్నపు గోడకు సిమెంటు వేయక ముందే

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి. జూబిలీ పేరుతో గోడలకు సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు వేయడమే పాత గుడికి జరిగే అతి పెద్ద నష్టం. డంగు సున్నపు గోడ నేల నుంచి చెమ్మ పీలుస్తుంది, గాలికి వదులుతుంది. సిమెంటు తొడుగు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకి పాకి, అందులోని ఉప్పు లోపలే గడ్డకట్టి పూతను నెట్టేస్తుంది. రెండు మూడు వానాకాలాల్లో పూత ఉబ్బి, తట్టితే డొల్లగా మోగుతుంది, ఊడితే లోపలి పాత సున్నం, ఇటుక ముఖం కూడా దానితో పోతాయి. మరమ్మతు సున్నంతోనే చేయించండి: నానబెట్టిన సున్నం ఒక వంతు, ఇసుక రెండు నుంచి మూడు వంతులు, ఒక్కో పూత అర అంగుళం మించకుండా, వారం పైగా తడుపుతూ. ముందు నేల మట్టం చుట్టూ వాన నీరు నిలవకుండా కాలువ తీయించండి. నీరు నిలుస్తూ ఉంటే ఏ పూతా నిలవదు.

పని మొదలయ్యే ముందు ప్రతి గోడకు ఫోటో తీసి తేదీ వేయండి. పూత ఇప్పటికే ఊడిన చోట రంగుల పొరలు ఉల్లిపొరల్లా కనిపిస్తాయి. పైనుంచి లోపలికి ఏ రంగు తర్వాత ఏ రంగో వరసగా రాసుకోండి.

రాసేటప్పుడు

ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: రాత, రాయి, నోటిమాట. రిజిస్టరులోనో దస్తావేజులోనో ఉంటే రాత. శిల మీద, గంట మీద, పెంకు మీద ఉంటే రాయి. పెద్దలు చెప్పింది నోటిమాట, చెప్పినవారి వయసు, చెప్పిన తేదీతో. మూడూ ఒకటే చెబితే ధైర్యంగా రాయండి. తేడా వస్తే రెండూ రాసి, ఎందుకు తేడా వచ్చి ఉంటుందో ఒక వాక్యం పెట్టండి. ఎక్కువసార్లు తగాదా పడే రెండు తేదీలూ నిజమే అయి, మొదట గీసిన వేర్వేరు గడులవై ఉంటాయి.

కూర్చునే వరసలు, పక్క తలుపులు, సమాధుల దొడ్డి కులాల వారీగా విడిపోయి ఉన్నట్టు ఆనవాళ్లు ఉంటే వాటిని బొమ్మలో వేయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. గుడి కట్టినప్పుడు ఇటుక మోసిన కూలీల పేర్లు, ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసిన ఆడవాళ్ల పేర్లు, జపాలు నేర్పిన ఉపదేశుల పేర్లు కూడా అడిగి రాసుకోండి. గురువుల జాబితా ఏ రిజిస్టరు సంతకాల్లోనైనా దొరుకుతుంది, వీళ్లవి ఏ కాగితంలోనూ ఉండవు. అడగాల్సిన మనుషులు ఎనభై దాటిన వాళ్లు కాబట్టి కొలతలు, ఫోటోల కన్నా ముందు ఆ ఇళ్లకే వెళ్లండి.

అంతా అయ్యాక బొమ్మలు, ఫోటోలు, నోట్సు మూడు కాపీలు చేయండి: ఒకటి విచారణ ఆఫీసు ఇనుప బీరువాలో (గోడకు జానెడు దూరంగా జరిపి, చెద రాకుండా), ఒకటి మేత్రాసన కార్యాలయంలో, ఒకటి ఊరి బడి లైబ్రరీలో.